పసుపు పెట్టిన పవర్ ఆఫ్ అటార్నీ

కంపెనీ కూడా మనిషి లాంటిదేనని మా కామర్స్ లెక్చరరు బోర్డు మీద రాసి మరీ చెప్పారు. దానికి పుట్టుక ఉంటుంది, పేరు ఉంటుంది, ఆస్తి ఉంటుంది, ఒకనాటికి చావు కూడా ఉంటుందన్నారు. ఆయన చెప్పని సంగతి ఒకటుంది. పరాయి దేశానికి వెళ్తే ఆ కంపెనీని ఎవరూ మనిషిగా లెక్కచెయ్యరు. హైదరాబాదులో నిక్షేపంలా బతుకుతున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయినా సరే, మస్కట్‌లో దిగాక తను ఫలానా అని, అసలు తానంటూ ఒకటి ఉందని ముందు నిరూపించుకోవాలి. ఎక్కడ పుట్టావు, ఎవరు కన్నారు, ఎవరి అనుమతితో బయల్దేరావు, నీ తరఫున మాట్లాడేదెవరు అని అడుగుతారు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు ఉండవు. ఉన్నా నాలాంటిది సమాధానం చెప్పదు.

ఇప్పుడు గల్ఫ్ ఆఫీసుల్లో ఉద్యోగాలకు వెళ్తున్న అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, “ఆంటీ, ఆ రోజుల్లోనే మీరు అక్కడ ఎలా చేశారు” అని. ఎలా చేశానంటే, పోట్లాడి చేశాను. రిటైరై కూర్చున్నాను కనుక తీరిగ్గా చెబుతాను, వినండి.

డెబ్భైల్లో మస్కట్ అంటే ఎక్కడ చూసినా కడుతున్నదే. రోడ్డు వేస్తున్నవాళ్లు, గోడ లేపుతున్నవాళ్లు, ఆ రెంటికీ సిమెంటు దించుతున్నవాళ్లు. మా ఆయన మత్రాలో ఒక బ్యాంకులో గుమాస్తా. పెళ్లికి ముందు నేను హైదరాబాదులో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టెనోని. ఆ కంపెనీవాళ్లకి ఒమాన్‌లో పని దొరికే సూచన కనిపించగానే, మస్కట్‌లో ఇంట్లో కూర్చుని ఉన్న బి.కాం. పిల్లనొకతెను గుర్తుచేసుకున్నారు. తాత్కాలికంగా చేరమన్నారు. పని అయితే పర్మనెంట్ సంగతి ఆలోచిస్తామన్నారు. ‘ఆలోచిస్తాం’ అనే మాటని ఆఫీసుల్లో ఏ అర్థంలో వాడతారో మీకు చెప్పక్కర్లేదు.

నా పైన ఒక ఇంజనీరు గారిని పంపారు. కృష్ణా జిల్లా మనిషి. సిమెంటు గురించి ఆయనకి తెలియనిది లేదు, మిగతా లోకం గురించి తెలిసింది లేదు. మొదటి రోజే నాకు చెప్పేశాడు.

“ఏవండీ, ఇది ఆఫీసుల చుట్టూ మగాళ్లు తిరగాల్సిన పనండీ. మా బావమరిది లా చదివాడు. కబురెడితే వచ్చేస్తాడు.”

“రమ్మనండి సార్. ఆయన పెట్టె సర్దుకునేలోపు నేను చేసేస్తాను.”

“చెయ్యలేకపోతేనో?”

“ఈ కుర్చీ తుడిచి మీ బావమరిదికి అప్పగించి పోతాను.”

అలా నా ఉద్యోగాన్ని నేనే పందెంలో పెట్టుకున్నాను. పని ఏమిటంటే, ఘుబ్రాలో ఒక స్కూలుకి క్లాసుగదులు కట్టాలి. ఒక శనివారం పొద్దున ఒప్పందం మీద సంతకాలు. అప్పటికి మా కంపెనీ ఒమాన్‌లో రిజిస్టరై ఉండకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. శుక్రవారం సెలవు, గురువారం సగం పూటే. అంటే గురువారం మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసు తలుపు మూసేలోపు సర్టిఫికెట్ నా చేతిలో ఉండాలి. లేకపోతే గదులూ లేవు, నేనూ లేను.

స్థానిక భాగస్వామి ముందే దొరికాడు. మత్రా సూక్‌లో, అంటే అక్కడి బజారులో, పాత వ్యాపారి, మంచివాడు. ఇక రావలసినవి హైదరాబాదు కాగితాలు. కంపెనీ పుట్టిన సర్టిఫికెట్, డైరెక్టర్ల పేర్లున్న మెమొరాండం, ఒమాన్‌లో శాఖ తెరుద్దామని డైరెక్టర్లు చేసిన తీర్మానం, ఇంజనీరు గారికి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. వీటి మీద నోటరీ ముద్ర, ఆపైన సెక్రటేరియట్ ముద్ర, ఆపైన ఢిల్లీ ముద్ర, చివరికి ఒమాన్ ఎంబసీ ముద్ర. ఒక్కో ముద్రా కింది ముద్ర నిజమైనదేనని సాక్ష్యం చెబుతుంది. అసలు కాగితంలో ఏముందో చదివే ఓపిక మాత్రం ఒక్క ముద్రకీ ఉండదు.

బొంబాయి మీదుగా వస్తున్న ఒక పెద్దమనిషి చేత కవరు పంపారు. నేనూ ఇంజనీరు గారూ కలిసి విప్పాం. ముందు అక్షింతలు జలజలా నా టైపు మిషన్‌లో పడ్డాయి. తర్వాత కాగితాలు వచ్చాయి. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు. ముద్రలన్నీ పడ్డాక చైర్మన్ గారి భార్య వాటిని దేవుడి ముందు పెట్టి పూజ చేయించారన్నమాట. ఇంజనీరు గారు భక్తిగా కళ్లకద్దుకున్నాడు. అక్షింతలు దులిపి నేనూ అద్దుకున్నాను. ఎన్ని ముద్రలున్నాయో లెక్క చూసుకున్నానే గానీ, ఆ మూలల వైపు నా చూపే పోలేదు. మనకి కొత్త కాగితమంటే పసుపు ఉండాల్సిందే. గోడకి సున్నం ఉన్నట్టు ఉంటుంది అది. సున్నాన్ని ఎవరు చూస్తారు?

చూసినవాడు మా డ్రైవరు. హైదరాబాదు పాతబస్తీ మనిషి, భాయ్ అనేవాళ్లం. కారెక్కుతుంటే నా చేతిలోవి చూసి నవ్వాడు.

“క్యా మేడం, షాదీ కా రుఖ్ఖా హై క్యా? ఇత్తీ హల్దీ కైకు లగాయే?”

“పెళ్లి కార్డు కాదు భాయ్, కంపెనీ కాగితాలు.”

“అచ్ఛా. కంపెనీ కీ షాదీ.”

అతని మాట అప్పుడే చెవికెక్కించుకోవలసింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఘాలాలో మావాళ్ల రేకుల షెడ్డుకి వెళ్తే అక్కడా ఇదే భక్తి. కరీంనగర్, నిజామాబాద్ వైపు మేస్త్రీలూ కూలీలూ భాగస్వామి తెప్పించిన వీసాల మీద ముందే వచ్చేసి, పని మొదలుకాక గోళ్లు గిల్లుకుంటున్నారు. పెద్ద మేస్త్రి కాగితాల్ని దూరం నుంచే చూసి దండం పెట్టాడు.

“పసుపు వెట్టిన్రు గదనమ్మా. ఇగ ఆగేది లేదు. డ్యూటీ షురూ అయినట్టే.”

మర్నాడు అనువాదకుడి దగ్గరికి వెళ్లాను. కాగితాలన్నీ అరబ్బీలోకి లైసెన్సున్నవాడే మార్చాలి. సూడాన్ పెద్దాయన. మత్రాలో ఒక బట్టల కొట్టు మీద గది, చేతిలో భూతద్దం, మాట మాత్రం లండన్ ఇంగ్లీషు. అక్షరాలన్నీ అయ్యాయి, ముద్రలన్నీ అయ్యాయి. అప్పుడు భూతద్దం మూలకి జరిగింది.

“ఈ పసుపుపచ్చ ముద్ర ఏ కార్యాలయానిది?”

“అది ముద్ర కాదండి.”

“ప్రతి కాగితం మీదా ఉంది. ఒకే చోట ఉంది. నడుమ గుండ్రంగా ఎర్రటి గుర్తుంది. ముద్ర కాకపోతే ఏమిటి?”

“ఏదీ కాదు. వదిలెయ్యండి.”

“అమ్మా, కాగితం మీద లేనిది రాయను, ఉన్నది వదలను. నా లైసెన్సంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. పోనీ, మరక అని రాస్తాను.”

నాకు ఒళ్లు మండింది. చైర్మన్ గారి భార్య స్నానం చేసి, మడి కట్టుకుని పెట్టిన పసుపుని మరక అంటాడా? అరగంట వాదించాను. పెళ్లి శుభలేఖల నుంచి కొత్త ఇంటి గడప దాకా పసుపు ఎక్కడెక్కడ పెడతామో, ఎందుకు పెడతామో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. “ఎవరు పెట్టారు” అని అడిగాడు. చెప్పాను. ఆయన తృప్తిగా తలూపి, అచ్చంగా నేను చెప్పినట్టే రాశాడు. ప్రతి పుట నాలుగు మూలలా చైర్మన్ గారి భార్య స్వహస్తంతో ఉంచిన, పసుపూ ఎరుపూ కలిసిన శుభచిహ్నం కలదు.

“మరక అని ఊరుకుంటే పోయేది కదండీ” అని తర్వాత ఇంజనీరు గారు నెత్తి కొట్టుకున్నాడు.

“మీ పెళ్లి శుభలేఖ మీద ఉన్నవి మరకలా సార్?” అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మరక అని ఒప్పుకుని గెలవడం కంటే పసుపు అని చెప్పి ఓడిపోవడం మేలు.

మంగళవారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లాం. అధికారి ఒమానీ. తెల్లటి పొడుగు దిష్‌దాషా తొడుక్కున్న నెమ్మదైన మనిషి. బొంబాయిలో చదువుకున్నాడట, హిందీ మాకంటే బాగా మాట్లాడతాడు. ఆడమనిషి ఫైలు పట్టుకుని వస్తే ఆశ్చర్యపోయినా బయటపడకుండా కుర్చీ వేయించి, చిన్న గిన్నెలో కహ్వా కాఫీ, పక్కన ఖర్జూరాలు పెట్టించాడు. ఇంజనీరు గారు నా పక్కన నిటారుగా కూర్చున్నాడు. అధికారి అనువాదం చదివాడు. అసలు కాగితం తీసి వెలుతురుకి పట్టాడు. వాసన చూశాడు.

“ఇక్కడ మా ఎంబసీ ముద్ర ఉంది. దాని మీద సగం ఈమె గుర్తు పడింది. మా ఎంబసీ కంటే ఈమె పెద్దదా?”

“మా ఇళ్లలో అంతేనండి” అన్నాను.

ఆయన నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను. ఆయన నవ్వుతూనే మెమొరాండం తిరగేశాడు.

“ఈమె పేరు ఇక్కడుంది. ఫలానా ఆయన భార్య, డైరెక్టరు.”

ఇది మీకు విడమరచి చెప్పాలి. మనవాళ్లు కంపెనీ పెట్టేటప్పుడు చట్టం ప్రకారం ఒక్కడే ఉంటే కుదరదు. అందుకని ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న భార్యని పిలిచి, ఇక్కడో సంతకం పెట్టు అంటారు. ఆవిడ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని పెడుతుంది. తిరగమోత మాడుతోందని పరిగెడుతుంది. అప్పటి నుంచి ఆవిడ డైరెక్టరు. ఆ సంగతి ఆదాయప్పన్ను శాఖకి గుర్తుంటుంది గానీ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

“డైరెక్టర్లు ముగ్గురు,” అన్నాడు అధికారి. “తీర్మానం మీద సంతకాలు రెండు. రెండు చాలు, నేను అడిగేవాణ్ణి కాదు. కానీ మూడో డైరెక్టరు సంతకం పెట్టకుండా ఈ కాగితం మీద తన గుర్తు వేసింది. ఆమె ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?”

“ఒప్పుకోకపోతే పసుపెందుకు పెడుతుందండి” అన్నాను.

“నువ్వు చెబితే ఎలా? ఆమె చెప్పాలి. తంతి చాలు. ఆ గుర్తు నాదే, శాఖ తెరవడం నాకు సమ్మతమే అని. గురువారం మూసేలోపు తీసుకురా. మాఫీ ముష్కిల్.”

ఆయనకేం, ఇబ్బంది లేదంటాడు. బయటికొచ్చాక ఇంజనీరు గారి ముఖం తడి సిమెంటు రంగులో ఉంది. “మా బావమరిదయితేనా” అని మొదలుపెట్టాడు. “మీ బావమరిదయితే కాగితాల్ని సబ్బుతో ఉతికేవాడు” అన్నాను. భాయ్ స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వుకుంటున్నాడు.

సాయంత్రం టెలిఫోను ఆఫీసులో ట్రంకు కాల్ బుక్ చేసి కూర్చున్నాం. చైర్మన్ గారి ఇంటికి లైను కలిసింది. ఇంజనీరు గారు మస్కట్ నుంచి ఫోను అక్కర్లేకుండానే హైదరాబాదుకి వినపడేట్టు అరిచాడు.

“అమ్మగారా? సార్‌ని పిలవండి. లేరా? ఎప్పుడొస్తారు? అబ్బే, మీకెందుకమ్మా, ఆఫీసు పని.”

లైను పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలుసు. మనకి కావలసిన మనిషి ఫోనులో ఉంటే, ఈయన ఆవిడని పక్కన పెట్టేసి ఇంకొకర్ని పిలవమంటున్నాడు. నేను రిసీవరు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. లాక్కున్నాననే చెబుతున్నాను, మర్యాదగా అందుకున్నానని అబద్ధమాడను. నేనెవరో చెప్పుకుని, జరిగింది గబగబా చెప్పాను.

అవతల గరగరల మధ్య నుంచి ఆవిడ గొంతు, గోదావరి యాసలో, తాపీగా.

“అంటే, నేనొప్పుకోకపోతే ఆగిపోద్దా అమ్మా?”

“ఆగిపోతుందండి.”

“మావారు ఒప్పుకున్నా?”

“ఆయన ఒప్పుకున్నా.”

“ఇన్నేళ్లుగా ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను సంతకం. ఒప్పుకున్నావా అని అడిగినోడు ఆ అరబ్బాయనొక్కడే.”

ఇంజనీరు గారు వాచీ చూపిస్తూ చేతులు ఊపుతున్నాడు. ఆవిడకి ఆ తొందరేమీ తెలియదు.

“మనోళ్లెక్కడ పడుకుంటన్నారమ్మా అక్కడ?”

“రేకుల షెడ్డండి.”

“ఆ ఎండకి రేకులా? ఫ్యానుందా?”

“లేదండి. కరెంటే లేదు.”

“ఇందాక మీకెందుకమ్మా అన్నాడే, ఆ అబ్బాయికుందా ఫ్యాను?”

“ఎయిర్ కండిషనరే ఉందండి.”

“ఊ. మరి నువ్వో? నిన్ను పర్మనెంటు చేశారా?”

“ఆలోచిస్తున్నారండి. ఈయన బావమరిది...”

గరగర, ఆపైన టక్కుమని శబ్దం. లైను పోయింది. ఇంజనీరు గారు నన్ను చూసిన చూపు చెప్పలేను. “ఆవిడకి ఇవన్నీ చెప్పమన్నారా మిమ్మల్ని?” అన్నాడు. “అడిగింది డైరెక్టరు సార్, చెప్పకపోతే బాగుండదు” అన్నాను. నోరు అలా అందిగానీ లోపల భయమే. ఆవిడ నిజంగా ఒప్పుకోకపోతే? మొగుడి మీద ఇన్నేళ్ల కోపం ఇప్పుడు తీర్చుకుంటే? ఒక కంపెనీ భవిష్యత్తుని, దాంతోపాటు నాదీ, ట్రంకు కాల్లో తీసుకెళ్లి ఒక ఇల్లాలి చేతిలో పెట్టేశాను. చిత్రమేమంటే, భయంతోపాటు నవ్వు కూడా తన్నుకొస్తోంది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబుతూ చెబుతూ నేల మీద కూలబడి నవ్వాను. ఆయన “ఉద్యోగం పోయేట్టుందే” అన్నాడు. “పోయేట్టే ఉంది” అని ఇంకా నవ్వాను.

బుధవారమంతా తంతి లేదు. గురువారం పొద్దున భాయ్ తంతి కాగితం తీసుకుని పరుగున వచ్చాడు. ఇంగ్లీషులో ఎవరి చేత రాయించారో గానీ, తంతి అంటే ఒక్కో మాటనీ పిసినారిలా లెక్కపెట్టుకుని పంపే ఆ రోజుల్లో అంత పొడుగు తంతి నేను చూడలేదు. సారాంశం ఇది. పసుపు నేనే పెట్టాను. శాఖ తెరవడానికి సమ్మతం. షరతులు రెండు. పనివాళ్ల షెడ్డుకి కరెంటు, ఫ్యాన్లు పెట్టాలి. అక్కడ తిరుగుతున్న అమ్మాయిని పర్మనెంటు చెయ్యాలి. ఇవి జరగకపోతే సమ్మతి లేదు. కింద పేరు, పేరు కింద డైరెక్టర్ అని.

నేను రెండుసార్లు చదివాను. మూడోసారి ఇంజనీరు గారు లాక్కుని చదివాడు.

“ఇది ఇవ్వలేవండీ. పైముక్క మట్టుకు చింపి ఇద్దాం.”

“చింపండి సార్. చింపిన చోట ఎవరి ముద్ర కావాలో ఆ అధికారి చెబుతాడు.”

చింపలేదు. భాయ్ మమ్మల్ని మత్రాకి ఎలా తీసుకెళ్లాడో దారిలో అడ్డొచ్చిన మేకలకీ గాడిదలకీ తెలుసు. సూడాన్ పెద్దాయన భూతద్దం తీసి నింపాదిగా మొదలుపెట్టాడు. షరతులు వదిలెయ్యవచ్చా అని ఇంజనీరు గారు గొంతు తగ్గించి అడిగాడు. పెద్దాయన భూతద్దంలోంచే ఆయన వంక చూశాడు. ఆ దెబ్బకి ఇంజనీరు గారు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఫ్యాన్లు అరబ్బీలోకి వెళ్లాయి. నేనూ వెళ్లాను.

ఆఫీసు మెట్లెక్కేసరికి గుమాస్తాలు లేచి కాగితాలు సర్దుకుంటున్నారు. అధికారి మమ్మల్ని చూసి మళ్లీ కూర్చున్నాడు. తంతి చదివాడు. పక్క గదుల్లోని ఇద్దరిని పిలిచి, అరబ్బీలో పైకి చదివి వినిపించాడు. వాళ్లు వినీ వినీ గడ్డాలు నిమురుకున్నారు. అధికారి ఇంజనీరు గారి వైపు తిరిగాడు.

“ఫ్యాన్లు ఎప్పుడు?”

“ఇన్షాల్లా” అన్నాడు ఇంజనీరు గారు. ఆయనకి వచ్చిన అరబ్బీ అదొక్కటే.

“ఇన్షాల్లా నేను అనాలి. నువ్వు తారీకు చెప్పు.”

గదంతా నవ్వింది. ఇంజనీరు గారు తారీకు చెప్పాడు. “ఈ అమ్మాయి ఎవరు” అని అధికారి అడిగితే చెయ్యెత్తాను, బడిలో లాగా. ఆయన తల పంకించి, రెండు షరతులూ మేం నెరవేరుస్తాం అని ఇంజనీరు గారి చేత ఒక కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, తంతితో కలిపి ఫైల్లో కుట్టించాడు. తర్వాత సర్టిఫికెట్ మీద దబ్బున ముద్ర వేశాడు. ఆ చప్పుడు నా చెవుల్లో పెళ్లి బాజాలా మోగిందంటే మా ఆయన నొచ్చుకుంటాడు గానీ, నిజంగా అంతే. కారు దాకా నడవలేదు, ఎగిరినట్టే వెళ్లాను. భాయ్ ఘాలా దాకా హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. షెడ్డు దగ్గర మేస్త్రి “నేను ముందుగాల్నే జెప్పలే” అన్నాడు. అక్కడ కూడా వాదించవచ్చు గానీ ఆ ఒక్కరోజూ వదిలేశాను.

శనివారం ఒప్పందం అయింది. చెప్పిన తారీకుకి జనరేటరూ ఫ్యాన్లూ వచ్చాయి. రాక ఏం చేస్తాయి, ప్రభుత్వ రిజిస్టర్లో ఉన్నాయి. బావమరిది కూడా వచ్చాడు పాపం, సామాన్ల గోదాములో చేరాడు. మంచి కుర్రాడే, నేను అడిగిన లెక్కలు వేళకి ఇచ్చేవాడు. చైర్మన్ గారి భార్య ఆ తర్వాత ఒక్క బోర్డు మీటింగుకీ రాకుండా ఉండలేదని హైదరాబాదు నుంచి కబుర్లు వచ్చేవి. సంతకం పెట్టమంటే కళ్లజోడు తెమ్మనేదట.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం, జీతం పెంచమని నేను ఇంజనీరు గారితో గట్టిగా తగువు పెట్టుకున్నాను. ఆయనకి కోపం తలకెక్కింది. చాలాసేపు గది లోపల అటూ ఇటూ తిరిగి, చివరికి నా బల్ల ముందు ఆగాడు.

“ఏవండీ, ఆ రిజిస్ట్రేషన్ ఫైల్లోంచి ఆ తంతి ఒక్కటీ తీయించడానికి దారేవన్నా ఉందంటారా?”

“ఉంది సార్. దరఖాస్తు టైపు చేసిస్తాను. డైరెక్టర్లు ముగ్గురూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి” అన్నాను.